మతిమరుపు మొదలైతే ఏం చేయాలి: కారణం వెతకడం నుంచి నివారణ దాకా

ఇంట్లో ఎవరికైనా మతిమరుపు కనిపించగానే రెండు మాటల్లో ఏదో ఒకటి వినిపిస్తుంది. "వయసు మీద పడింది, మామూలే" అనేది ఒకటి, "అల్జీమర్స్ వచ్చేసిందేమో" అనేది రెండోది. మొదటి మాట అన్నవాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లరు, రెండో మాట అన్నవాళ్లు భయంతో వాయిదా వేస్తారు, చివరికి ఇద్దరి ఇళ్లలోనూ జరిగేది ఒకటే, నెలలు గడిచిపోతాయి. మతిమరుపుని జ్వరంలా చూడండి. జ్వరమొస్తే ఎందుకొచ్చిందో కనుక్కుంటాం, మలేరియానా, టైఫాయిడా, ఉత్త జలుబా అని. ఇక్కడ కూడా ముందు కారణం దొరకాలి. ఆ కారణాల్లో కొన్ని వైద్యంతో పూర్తిగానో చాలావరకో తగ్గిపోయేవి, ఆలస్యం చేస్తే మాత్రం అవి కూడా పోని నష్టాన్ని మిగిల్చి పోతాయి.

కింద రాసింది వరుసగా చేసుకుంటూ వెళ్లండి. మీ గురించైనా, మీ అమ్మానాన్నల గురించైనా పద్ధతి ఒకటే.

1. ముందు అది ఎలాంటి మరుపో గమనించండి

తెలిసిన పేరు నోట్లో ఆడుతూ ఉంటుంది, బయటికి రాదు, అరగంట తర్వాత వేరే పనిలో ఉండగా ఠక్కున గుర్తొస్తుంది. ఇది అందరికీ జరిగేదే, వయసుతో కాస్త పెరుగుతుంది. కళ్లద్దాలు ఎక్కడ పెట్టారో మర్చిపోయి, చివరిసారి ఎక్కడ కూర్చున్నామా అని ఆలోచించుకుని వెతికి పట్టుకోవడం కూడా మామూలే. పట్టించుకోవాల్సిన మరుపు వేరేగా ఉంటుంది. చెప్పిన విషయంలో ఒక ముక్క మర్చిపోవడం కాదు, అసలు ఆ మాట చెప్పారన్న సంగతే గుర్తుండదు. గంటలో అదే ప్రశ్న నాలుగుసార్లు అడుగుతారు, ప్రతిసారీ కొత్తగా అడుగుతున్నట్టే అడుగుతారు. ఏళ్ల తరబడి తిరిగిన దారిలో తప్పిపోతారు. ఎప్పుడూ తామే చూసుకునే బ్యాంకు లెక్కలు, బిల్లులు గందరగోళం అయిపోతాయి. రోజూ చేసే వంటలో ఏది ముందు ఏది తర్వాత అన్నది తప్పిపోతుంది. మర్చిపోవడం వల్ల రోజువారీ పని చెడుతోందా లేదా, డాక్టర్లు ముఖ్యంగా చూసేది అదే, మీరు కూడా అదే చూడండి.

చాలా కుటుంబాలు పొరబడేది ఇంకో చోట. "నలభై ఏళ్ల నాటి పెళ్లి ముచ్చట్లు పూసగుచ్చినట్టు చెబుతుంది, మా అమ్మకి మతిమరుపేంటి" అంటారు. పాత జ్ఞాపకాలు బాగుండటాన్ని చూసి ధైర్యం తెచ్చుకోకండి. మెదడు లోపల రెండు వైపులా హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం ఉంటుంది, కొత్త సంగతులు జ్ఞాపకంగా నిలబడాలంటే అది పనిచేయాలి. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి ఫిట్స్ తగ్గించడానికి ఆపరేషన్ చేసి, రెండు వైపులా ఆ భాగంలో పెద్ద ముక్కని తీసేశారు. ఫిట్స్ తగ్గాయి, మాట బాగానే ఉంది, చిన్ననాటి సంగతులు గుర్తున్నాయి, కానీ 2008లో చనిపోయేదాకా ఆయనకి కొత్తగా జరిగిందేదీ దాదాపుగా నిలవలేదు, ఏళ్ల తరబడి తనని పరీక్షిస్తున్న పరిశోధకులు కూడా ప్రతిసారీ కొత్తవాళ్లలాగే కనిపించేవారు. అల్జీమర్స్‌లో తొలిదశలోనే దెబ్బతినే చోట్లలో ఈ హిప్పోక్యాంపస్ ఒకటి. కాబట్టి పెళ్లి ముచ్చట్లు వదిలేసి, పొద్దున ఏం తిన్నారు, నిన్న ఎవరొచ్చి వెళ్లారు అనేవి గుర్తుంటున్నాయా లేదా అని మాటల్లో మాటగా గమనించండి.

ఇక ముప్పై, నలభై ఏళ్ల వయసులో "నేను అన్నీ మర్చిపోతున్నాను" అనేవాళ్ల విషయంలో చాలాసార్లు సమస్య జ్ఞాపకంలో కాదు, ధ్యాసలో ఉంటుంది. ఒక సంగతి గుర్తుండాలంటే ముందు అది మెదడులోకి ఎక్కాలి, తర్వాత నిలవాలి, ఆ తర్వాత అవసరమైనప్పుడు బయటికి రావాలి. ఫోన్ చూస్తూ, నాలుగు పనుల టెన్షన్‌లో, అయిదు గంటల నిద్రతో విన్న మాట మొదటి మెట్టు దగ్గరే జారిపోతుంది. నిద్ర, టెన్షన్ సరిచేసుకుని నెల రోజులు చూడండి. అప్పటికీ తేడా లేకపోతే, లేదా పని దెబ్బతింటుంటే, ఆగకుండా డాక్టర్‌ని కలవండి.

2. ఎంత వేగంగా వచ్చిందో తేల్చుకోండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. అల్జీమర్స్ నెలల మీద, ఏళ్ల మీద నెమ్మదిగా వస్తుంది. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ తికమకగా మాట్లాడుతుంటే, పగలూ రాత్రీ తేడా తెలియకపోతే, కాసేపు మత్తుగా కాసేపు ఆందోళనగా మారిపోతుంటే, దాన్ని డెలీరియం అంటారు. అది అత్యవసరం, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పెద్దవాళ్లలో మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం పడిపోవడం, షుగర్ పడిపోవడం, కొత్తగా మొదలుపెట్టిన మందు, వీటిలో ఏదైనా ఇలా చేయగలదు. ఒక్కోసారి జ్వరం కూడా ఉండదు, మతి తప్పడం ఒక్కటే కనిపిస్తుంది.

మూతి ఒక పక్కకి వంకరపోవడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట తడబడటం కూడా ఉంటే అది పక్షవాతం, అంటే స్ట్రోక్. రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు, అందుకే లక్షణం మొదలైన టైమ్ ఎంతో గుర్తుపెట్టుకుని వెంటనే బయల్దేరండి.

ఇంకొకటి, పెద్దగా ఎవరూ కలిపి ఆలోచించనిది. కొన్ని వారాల క్రితం బాత్రూమ్‌లో జారిపడి తలకి చిన్న దెబ్బ తగిలింది, అప్పుడు ఏమీ కాలేదు, అందరూ మర్చిపోయారు, ఇప్పుడు నెమ్మదిగా మతిమరుపు, తలనొప్పి, మగతగా ఉండటం మొదలైంది. పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం మెల్లగా చేరితే ఇలా అవుతుంది, ముఖ్యంగా వయసు పైబడినవాళ్లలో, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లలో. స్కాన్‌లో కనిపిస్తుంది, చాలామందికి చిన్న ఆపరేషన్‌తో నయమవుతుంది. పడిన సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

3. రెండు మూడు వారాలు నోట్‌బుక్‌లో రాయండి

"ఈమధ్య బాగా మర్చిపోతున్నారు" అని చెబితే డాక్టర్‌కి ఏమీ అర్థం కాదు. ఏ రోజు, ఏం జరిగింది, ఏ టైమ్‌లో అని జరిగింది జరిగినట్టు రాయండి. ఆరు నెలల క్రితం తానే చేసుకుని ఇప్పుడు చేయలేకపోతున్న పనులేమిటి? నిద్ర ఎలా ఉంది, గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోందా? నడక మారిందా? మూత్రం ఆపుకోలేకపోతున్నారా? ఎప్పుడూ ఇష్టంగా చేసే పనుల మీద ఆసక్తి పోయిందా, మనుషులతో మాట్లాడటం తగ్గిందా? టీవీ సౌండ్ పెంచుతున్నారా? ఇవన్నీ మతిమరుపుకి సంబంధం లేనివిగా అనిపిస్తాయి, కానీ కారణం చాలాసార్లు వీటిలోనే దొరుకుతుంది.

ఈ రాయడం ఆ మనిషి ముందు తప్పులు లెక్కపెడుతున్నట్టు చేయకండి. తన మతి తప్పుతోందని వాళ్లకి లోపల తెలుస్తూనే ఉంటుంది, చాలామంది ఆ భయాన్ని కోపంగా చూపిస్తారు.

4. వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి

చీటీ మాత్రమే కాదు, మందులే తీసుకెళ్లండి, చీటీ లేకుండా కొనుక్కుని వేసుకునేవి కూడా. జలుబుకి, దురదకి వాడే పాతరకం అలర్జీ మాత్రల్లో ఉండే డైఫెన్‌హైడ్రమిన్, క్లోర్‌ఫెనిరమిన్, నరాల నొప్పికీ డిప్రెషన్‌కీ ఇచ్చే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేనివాళ్లకి ఇచ్చే ఆక్సిబ్యుటినిన్, ఇవన్నీ జ్ఞాపకానికి అవసరమైన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనికి అడ్డుపడతాయి. ఒక్కొక్కటీ చిన్నదే అనిపిస్తుంది, ముగ్గురు డాక్టర్ల దగ్గర మూడు రకాలు కలిసి ఒకే ఒంట్లోకి వెళ్తే మతి మందగిస్తుంది. ఆందోళన తగ్గడానికి ఇచ్చే అల్ప్రజోలమ్, క్లోనజెపామ్, డయాజెపామ్ లాంటివి, నిద్రకి వేసుకునే జోల్పిడెమ్ కూడా మతిని మందగింపజేస్తాయి.

అలాగని మీ అంతట మీరు ఏదీ ఆపేయకండి. అల్ప్రజోలమ్ రకం మందులు రోజూ వేసుకునేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, డాక్టర్ చెప్పినట్టు నెమ్మదిగా తగ్గించుకుంటూ రావాలి.

షుగర్‌కి మెట్‌ఫార్మిన్, ఎసిడిటీకి ఒమెప్రజోల్ లాంటివి ఏళ్ల తరబడి వాడుతుంటే బీ12 తగ్గిపోవచ్చు. మద్యం అలవాటు ఉంటే దాచకుండా చెప్పండి. ఎక్కువగా తాగి సరిగ్గా తినని వాళ్లలో బీ1 విటమిన్ పడిపోయి జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది, తొలిదశలో బీ1 ఇంజెక్షన్లు ఇస్తే ఆపగలరు.

5. పరీక్షల్లో ఏమేం ఉండాలో తెలుసుకుని వెళ్లండి

మామూలుగా చేసే రక్తపరీక్షలు ఇవి: బీ12, థైరాయిడ్, రక్తకణాల లెక్క, షుగర్, సోడియం, కాల్షియం, కిడ్నీ, లివర్. అవసరాన్ని బట్టి మరికొన్ని. థైరాయిడ్ తగ్గితే ఆలోచనే నెమ్మదిస్తుంది. బీ12 మాంసాహారంలో, పాలలో, గుడ్లలో దొరికే విటమిన్, కాబట్టి అవి తక్కువగా తినేవాళ్లకీ, వయసుతో అది ఒంటికి పట్టనివాళ్లకీ లోపం వస్తుంది. కాళ్లూ చేతుల్లో తిమ్మిర్లు, నీరసం, మతిమరుపు కలిసి వస్తే దీన్ని ముందు అనుమానించాలి. తర్వాత మెదడు స్కాన్, సీటీ గానీ ఎంఆర్‌ఐ గానీ.

జ్ఞాపక పరీక్ష కూడా ఉంటుంది. 1975 నుంచి వాడుకలో ఉన్న ఎంఎంఎస్‌ఈ, 2005లో వచ్చిన మోకా, రెండూ 30 మార్కులవే. తేదీ అడుగుతారు, కొన్ని మాటలు చెప్పి కాసేపాగి మళ్లీ అడుగుతారు, గడియారం బొమ్మ గీసి ఫలానా టైమ్‌కి ముళ్లు పెట్టమంటారు. పక్కన కూర్చున్న మీరు జవాబులు అందించకండి. ప్రేమతోనే చేస్తారు, కానీ మార్కులు పెరిగి జబ్బు దాక్కుంటుంది. ఇంటి దగ్గర ప్రాక్టీస్ చేయించి తీసుకెళ్లడం కూడా వద్దు. చదువు తక్కువ ఉన్నవాళ్లకి, వినపడనివాళ్లకి మార్కులు తక్కువ రావచ్చు, ఆ సంగతి ముందే చెప్పండి. వినికిడి యంత్రం, కళ్లద్దాలు పెట్టుకునే వెళ్లాలి.

డిప్రెషన్ గురించి విడిగా చెప్పాలి. తోడు పోయిన తర్వాత, రిటైర్ అయిన తర్వాత మనిషి ముభావంగా అయిపోయి, ఏది అడిగినా "తెలీదు, గుర్తులేదు" అంటుంటే అది మతిమరుపులాగే కనిపిస్తుంది. డిప్రెషన్‌కి వైద్యం చేస్తే చాలాసార్లు జ్ఞాపకం కూడా తేరుకుంటుంది. కొందరిలో డిప్రెషన్ డిమెన్షియాకి, అంటే జ్ఞాపకం, ఆలోచన రోజువారీ పని చెడేంతగా దెబ్బతినే జబ్బుకి, తొలి సూచన కూడా కావచ్చు, అందుకే తగ్గిన తర్వాత కూడా ఒక కన్నేసి ఉంచాలి.

నడుస్తుంటే పాదాలు నేలకి అతుక్కున్నట్టు ఈడ్చుకుంటూ నడవడం, మూత్రం ఆపుకోలేకపోవడం, ఆలోచన మందగించడం, ఈ మూడూ కలిసి వస్తే మెదడులో నీరు చేరిందేమో చూడమని అడగండి. దాన్ని నార్మల్ ప్రెషర్ హైడ్రోకెఫలస్ అంటారు. సన్నటి గొట్టం అమర్చి ఆ నీటిని మళ్లిస్తే సరైన రోగుల్లో బాగా మెరుగవుతుంది, ముందుగా బాగుపడేది నడక.

6. డిమెన్షియా అని తేలితే

ఆ మాట వినగానే కాళ్ల కింద నేల కదిలిపోతుంది, నిజమే. ఒక రోజు ఆగి, రెండోసారి వెళ్లి ఈ ప్రశ్నలు అడగండి: ఏ రకం, ఏ దశ, ఇప్పుడు ఏం చేయగలం. డిమెన్షియా అనేది ఒక గొడుగు పేరు, దాని కింద అల్జీమర్స్, రక్తనాళాలు మూసుకుపోవడం వల్ల వచ్చేది, లేని మనుషులు కనిపిస్తూ రోజురోజుకీ తేడాగా ఉండే లూయీ బాడీ రకం, జ్ఞాపకం కంటే ముందు ప్రవర్తన మారిపోయే ఫ్రాంటోటెంపోరల్ రకం, ఇలా చాలా ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో 5 కోట్ల 70 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారు, అందులో 60 నుంచి 70 శాతం అల్జీమర్స్. ఇది ముసలితనం జబ్బు మాత్రమే కాదు. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో డాక్టర్ ఆలోయిస్ అల్జీమర్ చూసిన ఆగస్ట్ డేటర్ అనే ఆమెకి అప్పుడు 51 ఏళ్లే, 1906లో ఆమె చనిపోయాక మెదడుని పరీక్షించి ఆయన చెప్పిన జబ్బుకే ఆయన పేరు వచ్చింది.

మామూలు మరుపుకీ డిమెన్షియాకీ మధ్యలో ఎంసీఐ అని ఒక స్థితి ఉంది, పరీక్షలో లోపం కనిపిస్తుంది కానీ రోజువారీ పనులు నడుస్తుంటాయి. అక్కడున్న అందరూ డిమెన్షియాలోకి వెళ్లరు, కొందరు అలాగే ఉంటారు, కొందరు మామూలు స్థితికి వస్తారు.

డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, మెమాంటిన్ లాంటి మందులు లక్షణాలని కొంతకాలం తగ్గించగలవు, జబ్బుని పోగొట్టవు. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్, 2024లో వచ్చిన డొనానెమాబ్ తొలిదశ అల్జీమర్స్‌లో జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తాయి, మెదడులో వాపు, రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది కాబట్టి మాటిమాటికీ స్కాన్లు అవసరం. పూర్తిగా నయం చేస్తామని చెప్పే మందు ఎవరు అమ్మినా కొనకండి.

7. ఇప్పుడు బాగున్నవాళ్లు చేయాల్సింది

2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నిపుణుల కమిషన్ డిమెన్షియాకి 14 ప్రమాద కారణాల జాబితా ఇచ్చింది, వాటన్నిటినీ అదుపులో పెట్టగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాని ఆపడమో వెనక్కి నెట్టడమో సాధ్యమని అంచనా. చదువు లేకపోవడం, గాలి కాలుష్యం లాంటివి మీ ఒక్కరి చేతిలో లేవు. కానీ బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగ, మద్యం, అధిక బరువు, కదలకుండా కూర్చోవడం, వినికిడి, చూపు, డిప్రెషన్, ఒంటరితనం, తలకి దెబ్బలు, ఇవన్నీ మీరు ఏదో ఒకటి చేయగలిగినవే.

వీటిలో ఎక్కడ మొదలుపెట్టాలని నన్నడిగితే బీపీ అంటాను, అది కూడా నలభైల్లోనే. బీపీకి నొప్పి లేదు కాబట్టి ఎవరూ చూపించుకోరు, ఆ లోపు మెదడులోని సన్నటి రక్తనాళాలు ఏళ్ల తరబడి దెబ్బతింటూ ఉంటాయి. 2019లో వెలువడిన స్ప్రింట్ మైండ్ అధ్యయనంలో పై బీపీని 120 లోపు ఉంచడానికి ప్రయత్నించినవాళ్లలో, 140 లోపు ఉంచినవాళ్లకంటే ఎంసీఐ తక్కువగా వచ్చింది. పెద్దవాళ్లలో మరీ తగ్గిస్తే కళ్లు తిరిగి పడిపోతారు, కాబట్టి ఎంత ఉండాలో మీ డాక్టరే నిర్ణయించాలి.

రెండోది వినికిడి. చెవులు మందగిస్తే మనిషి మెల్లగా మాటల్లోంచి తప్పుకుంటాడు, నలుగురిలో కూర్చోవడం మానేస్తాడు, సగం విన్నది ఎలాగూ గుర్తుండదు. కళ్లద్దాలకి లేని నామోషీ వినికిడి యంత్రానికి ఎందుకో, ఆ నామోషీ మాత్రం వదిలేయాలి.

వ్యాయామం వారానికి కనీసం 150 నిమిషాలు, వేగంగా నడిచినా చాలు, మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత ఆయాసం ఉండాలి. నిద్ర ఏడెనిమిది గంటలు, పగలు నేర్చుకున్నది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. కూరగాయలు, పండ్లు, పప్పుధాన్యాలు, గింజలు, చేపలు ఎక్కువ, ఉప్పు, చక్కెర, ప్యాకెట్ తిండి తక్కువ. 2015లో ఫలితాలు వచ్చిన ఫిన్లాండ్ ఫింగర్ అధ్యయనంలో 60 నుంచి 77 ఏళ్ల మధ్య ఉన్న 1260 మందిలో సగం మందికి రెండేళ్ల పాటు తిండి, వ్యాయామం, మెదడుకి పని, బీపీ షుగర్ల పర్యవేక్షణ, అన్నీ కలిపి చేయించారు, మామూలు సలహాలు మాత్రమే విన్నవాళ్లకంటే వాళ్ల ఆలోచనాశక్తి మెరుగ్గా ఉంది. అన్నీ కలిపి చేయడమే అందులో కీలకం.

జ్ఞాపకశక్తి మాత్రల మీద డబ్బు పోయకండి. జ్ఞాపకశక్తికని అమ్మే జింకో బిలోబా అనే ఆకు మందు మీద అమెరికాలో 3 వేల మందికి పైగా పెద్దవాళ్లతో చేసి 2008లో ప్రకటించిన పెద్ద పరీక్షలో అది డిమెన్షియాని ఆపలేదని తేలింది. లోపం లేనివాళ్లు డిమెన్షియా రాకుండా బీ, ఈ విటమిన్ మాత్రలు వేసుకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఫోన్‌లో ఆడే బ్రెయిన్ గేమ్స్ వల్ల ఎక్కువగా మెరుగయ్యేది ఆ గేమ్ ఆడే నైపుణ్యమే. దానికంటే కొత్త భాషో, వాయిద్యమో, కాస్త కష్టంగా అనిపించే పనేదైనా నలుగురితో కలిసి నేర్చుకోవడం మేలని నా అభిప్రాయం.

8. రోజువారీ మరుపుని తగ్గించుకునే పద్ధతులు

తాళాలు, అద్దాలు, ఫోన్ ఎప్పుడూ ఒకే చోట పెట్టండి, గుర్తుపెట్టుకునే పనే ఉండదు. గ్యాస్ కట్టేస్తున్నప్పుడు "కట్టేశాను" అని పైకి అనండి, ధ్యాస ఆ పని మీదకి వస్తుంది. కొత్త మనిషి పేరు విన్న వెంటనే మాటలో ఒకసారి వాడండి. చదివింది గుర్తుండాలంటే మళ్లీ మళ్లీ చదవడం కంటే పుస్తకం మూసి గుర్తు చేసుకోవడం బాగా పనిచేస్తుంది. మర్చిపోవడం మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా జరుగుతుందని 1885లోనే హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీద తాను ప్రయోగాలు చేసుకుని చూపించాడు, కాబట్టి మర్నాడు ఒకసారి, మూడు రోజులకి ఒకసారి, వారానికి ఒకసారి గుర్తు చేసుకుంటే నిలుస్తుంది.

9. ఇంట్లో డిమెన్షియా ఉన్న మనిషి ఉంటే

"నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్ష పెట్టకండి. "అమ్మా, నేను నీ కొడుకుని, ఆఫీసు నుంచి వచ్చాను" అని మీరే చెప్పేయండి. తప్పు మాట్లాడితే వాదించకండి, వాదన గుర్తుండదు, బాధ మాత్రం మిగులుతుంది. రోజువారీ మందులకి గడుల డబ్బా వాడండి, స్టవ్ దగ్గర ఒంటరిగా వదలకండి, బండి నడపడం ఎప్పుడు ఆపాలో డాక్టర్‌తో చెప్పించండి, మీ మాట కంటే ఆ మాట తొందరగా వింటారు. జేబులో పేరు, ఫోన్ నంబర్ ఉన్న కార్డు ఉంచండి. చూసుకునే మనిషి ఒక్కరే అయితే వారంలో కొన్ని గంటలైనా వేరేవాళ్లు ఆ పని తీసుకోవాలి, అడగడానికి మొహమాటపడకండి.

ఇక ఆస్తి కాగితాలు, బ్యాంకు ఖాతాలు, ముందు ముందు వైద్యం విషయంలో ఎవరు నిర్ణయం తీసుకోవాలి అన్నవి తొలిదశలోనే కూర్చుని మాట్లాడండి. ఆ మాటలు ఎత్తడం కష్టమే, ఇంట్లో ఎవరో ఒకరు బాధపడతారు. కానీ తొలిదశలో ఆయనకో ఆమెకో తనకేం కావాలో స్పష్టంగా తెలుసు, చెప్పగలరు, సంతకం చేయగలరు. ఏడాది ఆగితే అదే కాగితం మీద వాళ్ల బదులు మీరు ఊహించి రాయాల్సి వస్తుంది.